సంఘం రాసిన ఉత్తరంలో మన పేరా: వాతావరణ విధానాలపై లాబీయింగ్‌ను ఒక కంపెనీ ఎలా అదుపులోకి తెచ్చుకుంది

నేపథ్యం

కంపెనీల సుస్థిరత నివేదికల గురించి, వాటి వెనుక ఉండవలసిన బోర్డు పర్యవేక్షణ గురించి సలహాలివ్వడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది ఆ పనిలో భాగంగా నేను చూసిన ఒక లిస్టెడ్ తయారీ కంపెనీ వ్యవహారం. కంపెనీ పేరును, ప్లాంట్లున్న రాష్ట్రాలను, కొందరి హోదాలను గుర్తుపట్టడానికి వీలు లేకుండా తీసేశాను. రంగం గురించి ఇంతమాత్రం చెప్పగలను: కేంద్ర ప్రభుత్వం 2025లో ఉద్గార తీవ్రత (టన్ను ఉత్పత్తికి వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల) లక్ష్యాలు విధించిన మొదటి నాలుగు రంగాల్లో, అంటే అల్యూమినియం, సిమెంట్, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్), కాగితం-గుజ్జు పరిశ్రమల్లో, అది ఒకదానికి చెందినది. ఏ రంగమో చెప్పేస్తే, ఆ రంగం తరఫున ప్రభుత్వంతో మాట్లాడే సంఘాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి కనుక, మిగతా వివరాలు దాచి ప్రయోజనం ఉండదు.

ఈ వ్యవహారం అర్థం కావాలంటే ముందు ఆ లక్ష్యాల సంగతి తెలియాలి. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి పార్లమెంటు కర్బన మార్కెట్‌కు చట్టబద్ధమైన పునాది వేసింది. 2023 జూన్‌లో విద్యుత్ మంత్రిత్వ శాఖ కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్‌ను నోటిఫై చేసింది. పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా లక్ష్యాలను, అదే సంవత్సరం అక్టోబరులో తుది నియమాలను వెలువరించింది. నాలుగు రంగాల్లో కలిపి 282 యూనిట్లకు, 2023-24ను ప్రాతిపదిక సంవత్సరంగా తీసుకొని, 2025-26, 2026-27 సంవత్సరాల్లో టన్ను ఉత్పత్తికి ఉద్గారాలు ఎంత దాటకూడదో వాటిలో నిర్ణయించారు. లక్ష్యం కన్నా తక్కువకు తెచ్చిన యూనిట్‌కు సర్టిఫికెట్లు వస్తాయి. తేలేకపోయిన యూనిట్ వాటిని కొనుక్కోవాలి. అందువల్ల వాతావరణ మార్పును ఎదుర్కోవాలా వద్దా అన్న ప్రశ్న మీద ఈ పరిశ్రమల్లో ఇప్పుడెవరూ వాదించరు. వాదన అంతా ప్రాతిపదిక సంవత్సరం ఏది ఉండాలి, క్యాప్టివ్ విద్యుత్ కేంద్రం, అంటే సొంత అవసరానికి పెట్టుకున్న విద్యుత్ కేంద్రం, ఉద్గారాలను ఎలా లెక్కించాలి, మధ్యలో సామర్థ్యం పెంచుకున్న యూనిట్‌ను ఎలా చూడాలి, గడువు ఎప్పుడు అన్న వాటి మీదే నడుస్తుంది. పైకి పూర్తిగా సాంకేతికంగా కనబడే ఇలాంటి ఒక్క వాక్యం మారితే లక్ష్యం బిగుస్తుంది లేదా సడలుతుంది.

రెండో సంగతి, ప్రభుత్వంతో మాట్లాడే దారి. అమెరికాలో లాబీయింగ్ చేసేవారు ఎవరి తరఫున, ఏ అంశం మీద, ఎంత ఖర్చుతో చేస్తున్నారో నమోదు చేయాలి. ఐరోపా యూనియన్‌లో పారదర్శకత రిజిస్టరు ఉంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. చట్టాలు, నియమాలు తెచ్చే ముందు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజాభిప్రాయానికి ఉంచాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతుంది గానీ, ఆ 30 రోజుల్లో ఎవరు ఏమి రాశారో బయటివారికి తెలియడం అరుదు. దీనికి భిన్నంగా, ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ల ముందు టారిఫ్ మీద జరిగే బహిరంగ విచారణల్లో ఒక పరిశ్రమ సంఘం వేసిన అభ్యంతరమూ దానికి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చిన జవాబూ టారిఫ్ ఉత్తర్వులోనే అచ్చవుతాయి. ఒకే సంఘం మండలి ముందు ఒక భాషలోను, ఢిల్లీకి పంపే వినతిపత్రంలో మరో భాషలోను రాయడం నేను గమనించిన విషయమే. నలుగురూ చదువుతారని తెలిసినప్పుడు రాత మారుతుంది.

కంపెనీ చేయవలసిన వెల్లడి కూడా కొంత ఉంది. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి అయిన బి.ఆర్.ఎస్.ఆర్. (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో ఏడో సూత్రం, ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసేటప్పుడు బాధ్యతతో, పారదర్శకంగా చేయాలని చెబుతుంది. దాని కింద ఎన్ని సంఘాల్లో సభ్యత్వం ఉందో, వాటిలో ముఖ్యమైన 10 ఏవో చెప్పడం తప్పనిసరి. ఏ విధానం గురించి ఏ పద్ధతిలో వాదించారు, బోర్డు దాన్ని ఎంత తరచుగా సమీక్షిస్తుంది అన్న పట్టిక మాత్రం స్వచ్ఛందం. ఈ కంపెనీ ఆ స్వచ్ఛంద పట్టికను ఖాళీగా వదిలేసేది.

ఎదురైన సమస్య

2025లో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంస్థాగత మదుపుదారు ప్రతినిధి లేచి అడిగిన ప్రశ్నతో ఇది మొదలైంది. కంపెనీ వార్షిక నివేదికలో 2050 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యం ఉంది. దేశీయ కర్బన మార్కెట్‌ను స్వాగతిస్తున్నట్టు ఛైర్మన్ సందేశంలోనే రాశారు. అయితే కంపెనీ సభ్యత్వం ఉన్న ఒక పరిశ్రమ సంఘం, ఏప్రిల్ ముసాయిదా మీద మంత్రిత్వ శాఖకు పంపిన వినతిపత్రంలో, ప్రాతిపదికను యూనిట్లకు అనుకూలంగా సర్దుబాటు చేయాలని, మొదటి సంవత్సరాన్ని లెక్కలోంచి తీసేయాలని కోరినట్టు ఒక వ్యాపార పత్రికలో సారాంశం వచ్చింది. ఈ రెంటిలో కంపెనీ మాట ఏది, ఆ వినతిపత్రాన్ని పంపే ముందు బోర్డులో ఎవరైనా చూశారా అన్నది ఆయన ప్రశ్న.

సంఘం అభిప్రాయాలు సంఘానివేనని, కంపెనీ వైఖరి నివేదికలో స్పష్టంగా ఉందని మేనేజింగ్ డైరెక్టర్ జవాబిచ్చారు. సభలో అది సరిపోయింది. తరువాత మదుపుదారు నుంచి రాతపూర్వకంగా వచ్చిన ప్రశ్నకు మాత్రం సరిపోలేదు, ఎందుకంటే అందులో రెండే వాక్యాలున్నాయి: సంఘానికి మీరు చందా కడుతున్నారు, ఆ వినతిపత్రం తయారుచేసిన కమిటీలో మీ మనిషి ఉన్నారా? ఉంటే ఆయన ఏమన్నారు?

ఆ రెండో ప్రశ్నకు జవాబు కంపెనీలో ఎవరికీ తెలియదన్న సంగతి బయటపడినప్పుడే ఇది పర్యవేక్షణ లోపమని స్వతంత్ర డైరెక్టర్లకు అర్థమైంది. విధానం మీద భేదాభిప్రాయం వేరు, తమ పేరుతో ఏమి జరుగుతోందో బోర్డుకు తెలియకపోవడం వేరు. నన్ను పిలిచింది ఆ రెండో విషయానికి.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

నేను వెళ్లేసరికి కంపెనీ రెండు పనులు చేసి ఉంది, మూడోదాని గురించి చర్చ నడుస్తోంది.

మొదటిది ఒక పేజీ విధాన ప్రకటన. పారిస్ ఒప్పందం లక్ష్యాలకు, 2070 నాటికి నికర శూన్యం అన్న దేశ లక్ష్యానికి అనుగుణంగానే కంపెనీ విధానపరమైన వాదనలు ఉంటాయని అందులో రాసి బోర్డు ఆమోదించింది. ప్రకటనలో తప్పేమీ లేదు. మదుపుదారులకు దాన్ని చూపించడమూ అవసరమే. కానీ పర్యవేక్షణ సాధనంగా అది పనికిరాలేదు, కారణం సులభం. వివాదాస్పదమైన వినతిపత్రం కూడా దేశ లక్ష్యానికి తాము కట్టుబడి ఉన్నామన్న వాక్యంతోనే ప్రారంభమైంది. అంత ఎత్తులో రాసిన ప్రకటనతో ఏ ఉత్తరమూ విభేదించదు, కాబట్టి ఏ ఉత్తరాన్నీ అది ఆపలేదు.

రెండోది సంఘాలకు పంపిన ప్రశ్నావళి. విదేశీ గనుల, చమురు కంపెనీలు ప్రచురించే సమీక్షలను నమూనాగా తీసుకున్నారు. ఆస్ట్రేలియా గనుల కంపెనీ బి.హెచ్.పి. 2017 డిసెంబరులో అలాంటి సమీక్ష వెలువరించి, మరుసటి సంవత్సరం వరల్డ్ కోల్ అసోసియేషన్ నుంచి తప్పుకుంది. షెల్ 2019లో తన సంఘాలను సమీక్షించి ఒకదాన్ని వదిలేసింది. టోటాల్ 2021 జనవరిలో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌ను విడిచింది. ఆ నివేదికల్లో ప్రతి సంఘం ఎదుటా మన వైఖరికి అనుగుణం, పాక్షికంగా అనుగుణం, విరుద్ధం అన్న మూడు రంగుల గుర్తింపు ఉంటుంది. ఈ కంపెనీ పంపిన ప్రశ్నావళికి సంఘాల్లో సగం జవాబివ్వలేదు. ఇచ్చినవన్నీ తాము పూర్తిగా అనుగుణమేనని రాశాయి. పట్టిక ఆకుపచ్చగా, అక్కడక్కడ పసుపుగా వచ్చింది. సమస్య మొదలైందే ఏ సంఘంతోనో, అదీ ఆకుపచ్చే.

ఈ పద్ధతి అక్కడ కొంత పనిచేసి ఇక్కడ ఎందుకు పనిచేయలేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. అమెరికా, ఐరోపాల్లో సంఘాల ప్రకటనలు, ముసాయిదాల మీద వ్యాఖ్యలు, రిజిస్టరు వివరాలు చాలావరకు బహిరంగంగా దొరుకుతాయి. లండన్‌లోని ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ వంటి పరిశీలక సంస్థలు ఆ పత్రాలను చదివే కంపెనీలకు, సంఘాలకు గ్రేడ్‌లిస్తాయి. కంపెనీ సమీక్షకు అలా బయటి సాక్ష్యం అండగా ఉంటుంది. ఇక్కడ సంఘం వెబ్‌సైట్‌లో ఉండేది స్వాగత ప్రకటన. వినతిపత్రం మంత్రిత్వ శాఖ ఫైల్‌లో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, కానీ వాణిజ్య గోప్యత మినహాయింపు అడ్డు రావచ్చు. పైగా తాను సభ్యత్వం తీసుకున్న సంఘం రాసిన ఉత్తరం కోసం ఒక కంపెనీ తన ఉద్యోగి చేత సమాచార హక్కు (ఆర్.టి.ఐ.) దరఖాస్తు పెట్టించుకోవడం ఎబ్బెట్టు వ్యవహారం. బయటి సాక్ష్యం లేనిచోట సంఘాన్ని అడిగి సంఘానికి గ్రేడ్ ఇస్తే ఫలితం ఆ పట్టికలాగే ఉంటుంది.

మూడోది, సంఘాన్ని వదిలేద్దామన్న ప్రతిపాదన. ఒక స్వతంత్ర డైరెక్టర్ దీన్ని గట్టిగా సమర్థించారు. ఈ నిర్ణయం మీద బోర్డు రెండు సమావేశాల్లో చర్చించింది, దాన్ని కొంత వివరంగా చెప్పాలి. వదిలేయడానికి అనుకూలమైన వాదన బలమైనదే: చందా కట్టినంతకాలం ఆ మాటకు మనమూ బాధ్యులమే. వ్యతిరేక వాదన మూడు పాయలుగా వచ్చింది. మొదటిది, సంఘం కేవలం లాబీయింగ్ చేయదు. భారతీయ ప్రమాణాల సంస్థ కమిటీల్లో ప్రాతినిధ్యం, మరీ చౌకగా వచ్చిపడే దిగుమతుల మీద వేసే డంపింగ్ వ్యతిరేక ఫిర్యాదులకు కావలసిన గణాంకాలు, భద్రతా శిక్షణ అన్నీ దాని ద్వారానే నడుస్తాయి. రెండోది, మనం తప్పుకున్నా తరువాతి వినతిపత్రం అదే మాటలతో వెళుతుంది, వెళ్లిందన్న సంగతి మనకు తెలియకుండా పోతుంది. మూడోది నేను బోర్డు ముందుంచినది: ఆ ఉత్తరం ఎలా తయారైందో ఇప్పటికీ మనకు తెలియదు, తెలియకముందు సంఘాన్ని వదిలితే లోపం సంఘంలో ఉందో మనలో ఉందో ఎప్పటికీ తేలదు. బి.హెచ్.పి. కూడా తన తొలి సమీక్ష తరువాత ఒక సంఘాన్ని వదిలి, విభేదాలున్నాయని చెబుతూనే మినరల్స్ కౌన్సిల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో కొనసాగిందన్న సంగతి గుర్తుచేశాను. నిర్ణయాన్ని బోర్డు వాయిదా వేసింది.

ఒక్క ఉత్తరం వెంట వెనక్కి

అప్పుడు చేసిన పని చిన్నది. సంఘాలన్నిటినీ పక్కనబెట్టి, వివాదానికి కారణమైన ఒక్క వినతిపత్రాన్ని తీసుకొని, అది ఎక్కడ పుట్టిందో ఈమెయిళ్ల సాయంతో వెనక్కి వెతికాం.

సంఘంలో ఇంధనం, పర్యావరణం చూసే సాంకేతిక కమిటీ ఉంది. కమిటీ కార్యాలయం ముసాయిదా ఉత్తరాన్ని సభ్య కంపెనీల ప్రతినిధులకు పంపింది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అంగీకరించినట్టు భావిస్తామని కింద ఒక వాక్యం ఉంది. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఇక్కడ అది పూర్ణాంగీకారమే. ఇలాంటి వాక్యం చాలా సంఘాల ముసాయిదాల్లో ఉంటుంది, దాన్ని చదివేవారు తక్కువ.

అంతకన్నా ముఖ్యమైనది తరువాతి మెయిల్. కంపెనీ తరఫున ఆ కమిటీలో కూర్చున్నది ప్లాంట్ల ఇంధన విభాగం అధిపతి. ఆయన మౌనంగా ఉండలేదు. ప్రాతిపదిక సర్దుబాటు కోరే మూడో పేరాను మరింత పదునుగా తిరగరాసి పంపింది ఆయనే, చివరి ఉత్తరంలో దాదాపు ఆయన మాటలే ఉన్నాయి.

ఆయనతో మాట్లాడినప్పుడు దాపరికమేమీ కనిపించలేదు. "టన్నుకు ఇంధన ఖర్చు తగ్గించడం నా పనండీ. లక్ష్యం బిగిస్తే ఆ ఖర్చు పెరుగుతుంది, నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?" అన్నారు. ఆయన వార్షిక పనితీరు కొలమానాల్లో ఇంధన ఖర్చు ఉంది, నికర శూన్య లక్ష్యం లేదు. ఛైర్మన్ సందేశం ఆయన చదివారు. అది తన కమిటీ పనికి వర్తిస్తుందని ఆయనకెవరూ చెప్పలేదు. సుస్థిరత విభాగం అధిపతికి ఆ కమిటీ ఉందనే తెలియదు.

బోర్డు ముందు ఈ కథనం ఉంచినప్పుడు గది కాసేపు ఇబ్బందిగా మారింది. అప్పటివరకు చర్చంతా సంఘాన్ని ఎలా దారిలో పెట్టాలన్న దాని మీద సాగింది. ఆ ఉత్తరం ఒక విధంగా కంపెనీ ఉత్తరమే. కాబట్టి పర్యవేక్షించవలసినది ముందుగా సంఘాన్ని కాదు, సంఘంలో కూర్చున్న మన మనుషులను. అది కూడా వాళ్ల మీద నిఘా పెట్టడం కాదు, వాళ్లకు కంపెనీ మాట ఏమిటో ముందే చెప్పడం. ఈ కేసును రాయదగినదిగా నేను భావించడానికి కారణం ఈ మలుపే.

నిలిచిన ఏర్పాటు

మొదట మన మనుషులు ఎక్కడెక్కడ కూర్చున్నారో తేల్చాలి. బి.ఆర్.ఎస్.ఆర్. జాబితా మీద ఆధారపడలేదు, ఎందుకంటే అది కార్పొరేట్ కార్యాలయం తనకు గుర్తున్నంతవరకు రాసినది. బదులుగా అకౌంట్స్ విభాగం చేత అన్ని యూనిట్ల లెడ్జర్లలో చందాలు, సభ్యత్వాల పద్దును తీయించాం. నివేదికలో చూపిన సంఘాలకన్నా రెట్టింపుకు పైగా బయటపడ్డాయి. జిల్లా స్థాయి పారిశ్రామికవాడ సంఘాలు, క్యాప్టివ్ విద్యుత్ వినియోగదారుల వేదికలు, ఒక రాష్ట్ర ఛాంబర్, ప్లాంట్ మేనేజర్ హోదాలో కట్టిన చందాలు ఇందులో ఉన్నాయి. వాటిలో చాలావరకు రోడ్లు, నీరు, స్థానిక పన్నుల గురించే మాట్లాడతాయి; వాటిని పక్కన పెట్టేశాం. ఓపెన్ యాక్సెస్ (డిస్కం నుంచి కాక బయటి ఉత్పత్తిదారు నుంచి విద్యుత్ కొనుక్కోవడం) చార్జీలు, పునరుత్పాదక విద్యుత్ కొనుగోలు నిబంధనల మీద నియంత్రణ మండళ్ల ముందు వాదించేవి మాత్రం వాతావరణ విధానం కిందికే వస్తాయని నిర్ణయించాం. ప్రతి సంఘం పక్కన కమిటీ పేరు, మన ప్రతినిధి పేరు, ఆయన కంపెనీలో ఎవరికి జవాబుదారో రాశాం. చివరి గడి నింపడానికే ఎక్కువ సమయం పట్టింది.

తరువాత విధాన వైఖరిని ఉత్తరం విభేదించగల స్థాయికి దించి రాశాం. పారిస్ ఒప్పందానికి మద్దతు అన్న వాక్యం ప్రకటనలో అలాగే ఉంది. దాని కింద ప్రాతిపదిక సంవత్సరం, లక్ష్యాల గడువు, సర్టిఫికెట్లను తరువాతి సంవత్సరాలకు దాచుకునే వీలు, క్యాప్టివ్ విద్యుత్ లెక్క, బొగ్గు మీద పన్ను, ఓపెన్ యాక్సెస్ వంటి విషయాల్లో ఒక్కో దాని మీద కంపెనీ సమర్థిస్తుందా, వ్యతిరేకిస్తుందా, మాట్లాడదా అన్నది ఒకటి రెండు వాక్యాల్లో పెట్టాం. ఈ పట్టిక తయారీలో ఇంధన విభాగం అధిపతిని ముఖ్య సభ్యుడిగా కూర్చోబెట్టాలని నేను పట్టుబట్టాను. ఆయన లేకుండా సుస్థిరత విభాగం ఒక్కటే రాస్తే అది మళ్లీ ఛైర్మన్ సందేశంలా తయారవుతుంది. ఆయన ఉండడం వల్ల రెండు చోట్ల కంపెనీ వైఖరి మెత్తబడింది కూడా. సామర్థ్యం విస్తరణ మధ్యలో ఉన్న యూనిట్‌కు ప్రాతిపదిక సర్దుబాటు అడగడం న్యాయమేనని, అన్ని యూనిట్లకూ అడగడం కాదని తేలింది. నాకు ఇది ఓటమిగా అనిపించలేదు. బయటికి చెప్పి సమర్థించుకోగలిగినంత వరకు ఒక కంపెనీ తన ప్రయోజనం కోసం వాదించడంలో తప్పు లేదు.

మూడోది ముసాయిదాల తనిఖీ. సంఘాల నుంచి వచ్చే ముసాయిదా ఏదైనా, జవాబిచ్చే ముందు ప్రతినిధి దాన్ని కంపెనీ సెక్రటరీ కార్యాలయానికి పంపాలి. అక్కడ దాన్ని పట్టికతో పోల్చి, విరుద్ధంగా ఉంటే ఫలానా పేరాతో మా కంపెనీ ఏకీభవించడం లేదని గడువులోపల రాతపూర్వకంగా సంఘానికి తెలియజేస్తారు. మూడు రోజుల గడువున్నప్పుడు ఇది ఒక్క రోజులో పూర్తి కావాలి కాబట్టి కమిటీలు, సంతకాలు పెట్టలేదు; పట్టికలో లేని కొత్త విషయమైతే మాత్రమే పైకి వెళుతుంది. సుస్థిరత విభాగానికి కాక కంపెనీ సెక్రటరీకి ఎందుకు అప్పగించామని తరువాత చాలామంది అడిగారు. గడువులు, రికార్డులు, బోర్డుకు నివేదించడం ఆ కార్యాలయానికి అలవాటైన పని. పైగా ఇంధన విభాగానికీ సుస్థిరత విభాగానికీ మధ్య తగువు వస్తే అది ఏ పక్షమూ కాదు.

న్యాయ సలహాదారు ఇక్కడొక హెచ్చరిక చేశారు, అది సరైనదే. సంఘంలో మనలాగే అనుకునే ఇతర కంపెనీలతో ముందుగా ఫోన్‌లో మాట్లాడుకొని ఒక్కమాట మీదికి వద్దామన్న ఆలోచన కొందరికి వచ్చింది. పోటీ కంపెనీలు సంఘం వేదికగా సమాచారం పంచుకోవడం ఎంత దూరం వెళ్లగలదో సిమెంట్ రంగం చూసింది: 2012 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్ కార్టెల్ (కంపెనీల కుమ్మక్కు) ఆరోపణ మీద 11 కంపెనీలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది, సంఘం మీద కూడా విధించింది, ఆ ఉత్తర్వు అప్పీళ్లలో రద్దయి, మళ్లీ వెలువడి, ఏళ్ల తరబడి నడిచింది. అందుకే అసమ్మతి సంఘం కార్యాలయానికి మాత్రమే, రాతలో మాత్రమే వెళ్లాలని, ఉత్పత్తి, ధర, సర్టిఫికెట్ల కొనుగోలు ప్రణాళికల గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదని నియమం పెట్టాం. బి.ఆర్.ఎస్.ఆర్. ఏడో సూత్రం కింద సంఘాల జాబితా పక్కనే పోటీ వ్యతిరేక ప్రవర్తన మీద చర్యల వివరాలు అడగడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

బోర్డులో ఈ పని ఏ కమిటీ చూడాలన్నది చివరి నిర్ణయం. సి.ఎస్.ఆర్. (కంపెనీ సామాజిక బాధ్యత) కమిటీకి ఇవ్వాలన్న ప్రతిపాదన సహజంగా వచ్చింది, ఎందుకంటే సుస్థిరత అన్న మాట వినగానే చాలా కంపెనీల్లో ఫైల్ అటే కదులుతుంది. మేము రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీని ఎంచుకున్నాం. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం మొదటి 1,000 కంపెనీలకు అది తప్పనిసరి, సుస్థిరతకు సంబంధించిన రిస్కులు దాని పరిధిలోనే ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆర్థిక విభాగం అధిపతి అక్కడ కూర్చుంటారు. ఆయన ఎందుకు అవసరమో త్వరలోనే తెలిసింది.

లెడ్జర్ల పని జరుగుతుండగా పన్నుల విభాగం ఫైల్‌లో, అంతకుముందు సంవత్సరం ఆర్థిక మంత్రిత్వ శాఖకు కంపెనీ నేరుగా పంపిన ప్రీ-బడ్జెట్ మెమొరాండం, అంటే బడ్జెట్‌కు ముందు పంపే వినతి, కనబడింది. అందులో బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్ తీసేయాలని కోరారు. 2010లో 50 రూపాయలతో క్లీన్ ఎనర్జీ సెస్‌గా మొదలై, 2016 నాటికి 400కు చేరి, 2017లో జి.ఎస్.టి. పరిహార సెస్‌లో కలిసిపోయిన పన్ను అది. బొగ్గు కాల్చడానికి ఈ దేశంలో విధించిన ధరల్లో అన్నిటికన్నా సూటిగా ఉన్నది అదే. పన్నుల విభాగం దాన్ని వాతావరణ విధానంగా ఎప్పుడూ చూడలేదు. వాళ్లకది కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వీలు (క్రెడిట్) లేని ఖర్చు, అంతే. మేము ఆ కాగితం చూసేనాటికి సంగతి తేలిపోయింది కూడా: 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గు మీద సెస్ పోయి, జి.ఎస్.టి. 5 నుంచి 18 శాతానికి పెరిగింది. జి.ఎస్.టి.కి ఇన్‌పుట్ క్రెడిట్ ఉంటుంది కాబట్టి తయారీ కంపెనీకి ఇది లాభమే. అయినా తరువాతి మెమొరాండం తయారవుతూనే ఉంది. బొగ్గు, విద్యుత్, ఇంధనాల మీద పన్నుల గురించి కంపెనీ నేరుగా రాసే ఉత్తరాలకు కూడా అదే తనిఖీ వర్తించాలని కమిటీ నిర్ణయించింది. ఆర్థిక విభాగం అధిపతి కొంత వాదించి ఒప్పుకున్నారు. ఆయన వాదనలో పసలేదని నేననను, కర్బన మార్కెట్ ధరా బొగ్గు పన్నూ ఒకేదాన్ని రెండుసార్లు కొలుస్తున్నాయా అన్న ప్రశ్న నిజమైనదే. ఆ ప్రశ్నను దాచకుండా అలాగే రాయవచ్చని పట్టికలో చేర్చాం.

ఫలితం

మొదటిసారి అసమ్మతి పంపినప్పుడు సంఘం కార్యాలయం నొచ్చుకుంది. ఒక పెద్ద సభ్య కంపెనీ రాతలో విభేదించడం అక్కడ రివాజు కాదు. కానీ ఆ పేరా చివరి ఉత్తరంలో మెత్తబడింది. విభేదించినది మనం ఒక్కరమే కాదని తరువాత కార్యాలయమే చెప్పింది. అంతవరకు ఆ ఇతర కంపెనీల ప్రతినిధులూ గడువు దాటనిచ్చేవారే. మరో విషయంలో సంఘం మారలేదు. అప్పుడు కంపెనీ తన అభిప్రాయాన్ని మంత్రిత్వ శాఖకు విడిగా రాసి, ఆ ఉత్తరాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టింది. బి.ఆర్.ఎస్.ఆర్.లో ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న స్వచ్ఛంద పట్టికకు రాయడానికి వరుసలు దొరికాయి, బోర్డు సమీక్ష అర్ధసంవత్సరానికి ఒకసారి అన్న మాటతో సహా. సంఘాన్ని వదిలే ప్రతిపాదన ఆ తరువాత ఎజెండాలోకి రాలేదు.

ఇలాంటి పని మొదలుపెట్టేవారికి నా సలహా ఒక్క ఉత్తరంతో ప్రారంభించమని. 2022 మార్చిలో మదుపుదారులు కలిసి వెలువరించిన బాధ్యతాయుత వాతావరణ లాబీయింగ్ ప్రపంచ ప్రమాణంలో 14 సూచికలున్నాయి. బోర్డు బాధ్యత ఎవరిది, వార్షిక సమీక్ష ఎలా ఉండాలి అన్న వాటికి అవి మంచి కొలత. వాటిని ఒక్కొక్కటిగా నింపుకుంటూ పోతే నివేదిక తయారవుతుంది గానీ మూడో పేరా ఎవరు రాశారో తెలియదు. వెనక్కి వెతకడానికి ఎంచుకునే ఉత్తరం డబ్బుతో ముడిపడినదై ఉండాలి. స్వాగత ప్రకటనల వెనక చూడవలసినదేమీ ఉండదు. అలాగే ప్రతినిధుల పనితీరు కొలమానాలను మార్చకుండా తనిఖీ ఒక్కటే పెడితే అది కొన్నాళ్లకు లాంఛనమైపోతుంది. ఈ కంపెనీలో ఇంధన విభాగం అధిపతి కొలమానాల్లో ఇప్పుడు టన్నుకు ఉద్గారాలు కూడా చేరాయి, ఇంధన ఖర్చుతో సమానమైన బరువుతో. బరువు ఎంత ఉండాలన్న దాని మీదే మానవ వనరుల విభాగంతో ఎక్కువ బేరం జరిగింది.

తేలనిది ఒకటి మిగిలింది. మేనేజింగ్ డైరెక్టర్ మరో జాతీయ స్థాయి సంఘంలో ఉపాధ్యక్షులు. ఆ హోదాలో ఆయన సంతకం చేసే వినతిపత్రాలు కంపెనీ పట్టికతో విభేదిస్తే ఏం చేయాలని కమిటీ అడిగింది. అక్కడ తాను మాట్లాడేది మొత్తం పరిశ్రమ తరఫునని, ఒక్క కంపెనీ పట్టిక తన చేతులు కట్టకూడదని ఆయన అన్నారు. మదుపుదారులు ఆ తేడాను ఒప్పుకోరని స్వతంత్ర డైరెక్టర్లు అన్నారు. సంతకానికి ముందు కమిటీ ఛైర్మన్‌కు తెలియజేయడం, విభేదం ఉన్న ఉత్తరం మీద మరొక పదాధికారి చేత సంతకం చేయించడం అన్న రాజీ మీద ప్రస్తుతం నడుస్తోంది. ఆ రాజీ ఇప్పటికి ఒక్కసారే పరీక్షకు వచ్చింది. ఉత్తరం మీద సంతకం వేరొకరిదే ఉంది, కానీ దాన్ని మంత్రికి అందించిన బృందంలో ఆయన ఉన్నారు, ఫొటో సంఘం పత్రికలో అచ్చయింది. ప్రతినిధి బృందంలో ఉండడం కూడా సంతకంతో సమానమేనా అన్నది రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ తరువాతి సమావేశం ఎజెండాలో ఉంది.